మాధవరం దాటిన బస్సు

ఉదయం అయిదు గంటల ముప్పై అయిదు నిమిషాలకు పుత్తూరు బస్టాండులో ఒక ఆడమనిషి కిటికీలోంచి నాలుగు గిన్నెల క్యారియర్ నా చేతికి అందించింది. పులుసు పై గిన్నెలో ఉందని, పక్కకు వంచొద్దని చెప్పింది. నేను దాన్ని నా సీటు కింద, అప్పటికే ఉన్న మూడింటి పక్కన పెట్టాను. అప్పటికి పదకొండేళ్లుగా రోజూ జరుగుతున్న పనే. ఆ రోజు జరగకూడదు, అయినా జరిగింది. అందుకే చెబుతున్నాను.

కొత్తగా టికెట్ మిషన్ మెడలో వేసుకున్న పిల్లలు కలిసినప్పుడల్లా నన్ను అడుగుతుంటారు, మీ సర్వీసులో మరిచిపోలేని సంగతి ఏమిటని. బస్సులో ప్రసవం, సీటు కింద దొరికిన నగల సంచి, అలాంటివి వినాలని వాళ్ల కోరిక. నా బస్సులో ఎవరూ పుట్టలేదు. దొరికిన సంచుల్లో ఎక్కువ భాగం లడ్డూలే. ఒకసారి మాత్రం మా బస్సు పన్నెండు కిలోమీటర్లు ఎక్కువ పోయింది. నా సర్వీసంతా కలిపితే చెప్పుకోదగ్గది ఆ పన్నెండు కిలోమీటర్లే.

అప్పట్లో నేను తిరుపతి నుంచి చెన్నై పోయే బస్సులో కండక్టరును. పుత్తూరు, నాగలాపురం, ఊత్తుకోట, రెడ్‌హిల్స్ మీదుగా పొద్దున పోయే మొదటి బస్సు మాది. చెన్నై అని టికెట్ మీద ఉంటుంది. మా ప్రయాణికుల నోట ఆ మాట నేను చాలా తక్కువగా విన్నాను. మాకు అది పట్నం. రాజధాని ఏదని అడిగితే మా జిల్లా మనిషి కొంచెం తడబడతాడు. మా తాత మద్రాసు అన్నాడు. మా నాయన కర్నూలు అని, తర్వాత హైదరాబాదు అన్నాడు. మా పిల్లలు అమరావతి అని రాసి, కొన్నాళ్లు కొట్టేసి, మళ్లీ రాసుకున్నారు. పట్నం ఏదని అడిగితే ఎవరూ తడబడరు. ఇన్ని రాజధానులు మారినా మా టమాటాలు పోయే దారి మారలేదు.

ఈ మాట నాది కాదు, మా డ్రైవరుది. ఈ సంగతంతా ఆయన గురించే. పోయిన ఏడు చనిపోయాడు.

ఆయనది నాగలాపురం దగ్గర ఒక పల్లె. క్రైస్తవులు. ఇరవై ఏడేళ్లు ఆ దారిలో వెంకన్న భక్తులను మోశాడు. స్టీరింగు పైన చిన్న సిలువ, దాని కింద డిపోలో ఎవరో కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు ఉండేవి. రెండూ ఉంటే తప్పేమీ లేదని, ఎవరికి తీరిక ఉంటే వాళ్లు చూసుకుంటారని అనేవాడు. ఇరవై ఏడేళ్లలో ఒక మేకపిల్లను కూడా గుద్దలేదు. ప్రమాదం లేకుండా నడిపిన డ్రైవర్లకు మా సంస్థ ఒక బ్యాడ్జి ఇస్తుంది. బస్సు ఎక్కువ పోయిన ఆ ఏడాది జాబితాలో ఆయన పేరు ఉంది. రేకు ముక్క అని వెక్కిరించేవాడు గానీ, దాన్ని పెట్టుకోవడానికి కొత్త యూనిఫాం చొక్కా కుట్టించుకున్నాడని వాళ్లావిడ మా ఇంట్లో చెప్పింది. ఉద్యోగ విరమణకు ఇంకా ఏడు నెలలు ఉంది.

నాకు పుస్తకాలు చదివే అలవాటు. పట్నంలో పేవ్‌మెంటు మీద కొన్నవి, వెనక్కి వచ్చేటప్పుడు బస్సు ఖాళీగా ఉంటే చదివేవాణ్ని. అందులోవి ఆయనకు చెబితే, వాటిని తన మాటల్లోకి మార్చుకుని నాకే మళ్లీ పాఠం చెప్పేవాడు. పట్నం మొదట ఊరు కాదు, గోడౌను. ఇంగ్లీషు కంపెనీ వాళ్లకు మన వైపు అద్దకం బట్టలు కావాలి, వాటిని ఓడ వచ్చేదాకా దాచుకోవాలి. అందుకని సముద్రం పక్కన కొంత ఇసుక నేల అడిగారు. ఆ నేలను రాసిచ్చిన నాయకుడు చంద్రగిరి రాజు కింద పనిచేసేవాడు. చంద్రగిరి మా డిపోకు అరగంట దూరం. ఈ సంగతి చెప్పిన రోజు మా డ్రైవరు పుళల్ జైలు దాటాక అన్నాడు:

"మనోళ్లు స్థలం రాసిచ్చినారు. ఇప్పుడు మన బస్సు నిలుపుకునేదానికి స్థలం లేదంటాండారు. రాసిచ్చేటప్పుడే ఒక మూల బస్టాండుకని పెట్టుకోని ఉండాల్సింది అప్పా ఆ రాజు."

గోడౌను చుట్టూ కోట, కోట పక్కన నేతగాళ్లకు ఒక పేట, బట్ట చలువ చేసేవాళ్లకు ఇంకో పేట. తర్వాత హార్బరు, తోళ్లు, నూలు మిల్లులు, ఆ తర్వాత మోటార్లు, కార్లు, ఇప్పుడు దక్షిణాన అద్దాల మేడల్లో కంప్యూటర్లు. పుస్తకంలో వరస ఇది. మా డ్రైవరు వరస వేరు. బస్సు ఎక్కడ ఆపనిస్తారో దాన్ని బట్టి ఆయన పట్నం చరిత్ర చెప్పేవాడు. మేం చేరిన కొత్తలో బస్సు ప్యారిస్ అనే పాత బజారు దాకా పోయేది. హైకోర్టు ఒక పక్క, హార్బరు వెనక, ఎదురుగా వీధులు. ఇనుముకు ఒక వీధి, కాగితానికి ఒకటి, పసుపు మిరపకాయలకు ఒకటి. కూరగాయల మార్కెట్ కూడా అక్కడే కొత్తవాల్‌చావడిలో ఉండేది. స్థలం ఇరుకైందని ముందు కూరగాయలను కోయంబేడుకు పంపారు. కొన్నేళ్లకు బస్సులను కూడా అక్కడికే పంపారు. అప్పుడు కోయంబేడు ఊరి చివర. మెట్రో వచ్చి అది ఊరి నడుమ అయ్యాక, ఆంధ్రా బస్సులు ఇంకా బయటకు, మాధవరం పోవాలన్నారు. ఇలా గెంటుకుంటూ పోతే మేం రిటైరయ్యేలోగా పట్నం బస్టాండు నాగలాపురానికే వస్తుందని, ఇంటికి నడిచిపోవచ్చని ఆయన లెక్క.

ఇచ్చిపుచ్చుకోవడం మీద కూడా ఆయనకు ఒక సిద్ధాంతం ఉంది. ఊత్తుకోట దగ్గర కృష్ణా నీళ్ల కాలువ దాటినప్పుడల్లా అది బయటకు వచ్చేది.

"పాలు మనవి. మామిడికాయలు మనవి. టమాటాలు మనవి. మోసే మనుషులు మనోళ్లు. తాగే నీళ్లు గూడా మన పక్కనుంచే పోతాండాయి. పట్నం మనకిచ్చేది యేంది? యెంట్రుకలు, ఇరిగిన యెముకలు."

వెంట్రుకలు కొండ మీద గుండు కొట్టించుకునేవాళ్లవి. ఎముకలు పుత్తూరులో కట్టు కట్టించుకోవడానికి వచ్చేవాళ్లవి. రెండు రకాలవాళ్లూ మా బస్సులోనే వచ్చేవాళ్లు.

"మరి జీతాలు ఎవరిస్తాండారన్నా?" అన్నాను ఒకసారి.

"అదే కదప్పా. ఆ ఒక్కటీ ఇచ్చి మన నోరు కట్టేసింది."

ఆ జీతాలు తీసుకునేవాళ్లే క్యారియర్ల మనుషులు. పుత్తూరు చుట్టుపక్కల మగ్గాలు తగ్గిపోయాక చాలామంది మగవాళ్లు కోయంబేడు మార్కెట్లో మూటలు దించే పనికి పోయారు. మార్కెట్ తెల్లవారకముందే మొదలవుతుంది. పొద్దున ఎనిమిదిన్నరకు లారీలన్నీ ఖాళీ అవుతాయి. అదే వాళ్లకు మధ్యాహ్నం, అదే భోజనం వేళ. మా బస్సు కోయంబేడు చేరేది కూడా ఎనిమిదిన్నరకే. ఎవరో ఒక భార్య మొదట ఈ రెండింటినీ కలిపింది. తర్వాత ఇంకొకరు. మనిషి లేని సామాను ఎక్కించకూడదని మా రూలు. చెకింగ్ వాళ్లు పట్టుకుంటే సీటు కింద ఉన్నదంతా నా మధ్యాహ్నం అన్నమని చెప్పేవాణ్ని. ఏడు క్యారియర్లా అని ఒకాయన అడిగాడు. ఇంటావిడకు భయం ఎక్కువ సార్ అన్నాను. ఆయనా పుత్తూరు వైపు మనిషే. మూత తీసి, ఉర్లగడ్డ వేపుడు వాసన చూసి, రాసుకోకుండా దిగిపోయాడు.

క్యారియర్లకు పేర్లు ఉండవు. ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క, రెండు చుక్కలు, అడ్డగీత. కోయంబేడు గేటు పక్కన ఏడుగురు మగవాళ్లు నిలబడి, నిన్నటి ఖాళీ క్యారియర్లు కిటికీలోంచి లోపలికి ఇచ్చి ఇవాళ్టివి తీసుకునేవాళ్లు. మాకు డ్యూటీ లేని రోజుల్లో ఇంకో డ్రైవరు, కండక్టరు జత తీసుకుపోయేది. పదకొండేళ్లలో ఒక్క క్యారియర్ తప్పిపోలేదు. ఆఫీసు పార్శిళ్లకు మేం ఆ మాట చెప్పలేం.

మాధవరం మార్పు గురించి సర్క్యులర్ వారం ముందే డిపోలో అంటించారు. ఇద్దరం చదివి సంతకాలు పెట్టాం. మార్కెట్ కోయంబేడులోనే ఉంటుంది, బస్సు మాత్రం మాధవరంలో ఆగుతుంది. మధ్యలో పన్నెండు కిలోమీటర్లు. క్యారియర్ కోసం మాధవరం వచ్చిపోతే ఆ మనిషికి సగం రోజు పని పోతుంది. ఈ సంగతి ఆడవాళ్లకు ఎవరు చెప్పాలా అని వారమంతా నేను తప్పించుకున్నాను. పేపర్లో వచ్చింది కదా, తెలుసుకుంటారులే అనుకున్నాను.

మొదటి రోజు పుత్తూరులో నాలుగు క్యారియర్లూ వచ్చాయి. నారాయణవనంలో ఒకటి, నాగలాపురంలో రెండు. ఒక్కరూ ఏమీ అడగలేదు. వీళ్లెవరూ పేపర్ చూడరా అని నాలో నేను విసుక్కున్నాను. తీసుకోనని చెప్పడానికి నోరు రాలేదు. మాధవరంలో దిగాక ఏదో ఒకటి ఆలోచిద్దాం అనుకున్నాను. ఏమీ ఆలోచించలేదు. ఊత్తుకోట, పెరియపాళయం, రెడ్‌హిల్స్ దాటాం. మా డ్రైవరు ఆ రోజు కాలువ దగ్గర కూడా ఏమీ మాట్లాడలేదు.

మాధవరం వచ్చింది. కొత్త బస్టాండు పెద్ద అక్షరాలతో కనబడుతోంది. రెండంతస్తులు, ఎక్కడ చూసినా తెల్ల దీపాలు. బస్సు నెమ్మదించలేదు. నేను విజిల్ నోట్లో పెట్టుకున్నాను. నా కాలికి ఒక క్యారియర్ తగులుతూ ఉంది, ఇంకా వెచ్చగానే ఉంది. నేను విజిల్ ఊదలేదు. ఆయన మరిచిపోయాడని నాకు తెలుసు. మరిచిపోనిద్దాం అనుకున్నాను. బోర్డు వెనక్కి పోయింది.

వెనక సీట్లలో ఒకాయన నిద్ర లేచి బయటకు చూసి, "మాధవరం దాటిపోయిందే" అన్నాడు.

పక్కనున్న పెద్దావిడ, "నువ్వు పోవాల్సింది యాడికి?" అంది.

"కోయంబేడుకే."

"ఇంకేం, నోరు మూసుకోని కూచో. ఆయప్పకు గుర్తొచ్చిందంటే ఈడ్నే దించేస్తాడు."

ఆ తర్వాత బస్సులో ఎవరూ గట్టిగా దగ్గలేదు కూడా. యాభైమంది ఒకేసారి మరిచిపోవడం నేను అదొక్కసారే చూశాను. రెట్టేరి, పాడి వంతెన, తిరుమంగళం. దారిలో ఒక్క సిగ్నల్ దగ్గర కూడా ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

కోయంబేడు గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి చేయి అడ్డం పెట్టి తమిళంలో తిట్టడం మొదలుపెట్టాడు. నిన్నటిదాకా ఇదే మనిషి మాకు సలాం కొట్టేవాడు. ఆంధ్రా బస్సు ఇక్కడికి రాకూడదని తెలియదా అన్నాడు. మా డ్రైవరు తల గోక్కుని, "మరిచిపోయినానప్పా" అన్నాడు. గేటు పక్కన ఏడుగురూ ఎప్పటిలాగే నిలబడి ఉన్నారు. ఖాళీవి లోపలికి, నిండువి బయటకు. చుక్కలు చూసుకుని తీసుకున్నారు. పులుసు వాళ్లాయన మూత ఎత్తి చూసి, ఒలకలేదని నాకు తల ఊపాడు. వాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. ఆ సంగతి నాకు అప్పుడు పట్టలేదు. సెక్యూరిటీ మనిషి బస్సు నంబరు రాసుకున్నాడు. మేం మాధవరం వెనక్కి వచ్చేసరికి ఫోను మా డిపో దాకా పోయింది.

తిరుగు దారిలో ఊత్తుకోటలో టీ తాగుతుంటే మా డ్రైవరు అడిగాడు:

"నువ్వు విజిల్ ఎందుకు ఊదలేదబ్బా?"

"నేనూ మరిచిపోయినానన్నా."

ఆయన నా వంక కొంచెంసేపు చూశాడు. "ఇద్దరం మరిచిపోయినామంటే సరే" అని టీ గ్లాసు పెట్టేశాడు. ఇక దాని గురించి మాట్లాడలేదు. ఏం చెప్పాలో ఒప్పందం అయిపోయిందని ఆయన అనుకున్నాడు. నేనూ అనుకున్నాను.

వారానికి సంజాయిషీ అడుగుతూ ఇద్దరికీ చార్జిమెమోలు వచ్చాయి. ఆ సమయానికి కంట్రోలర్ పదోన్నతి జాబితాలో నా పేరు ఉంది. కంట్రోలర్ అంటే బస్టాండులో కుర్చీలో కూర్చుని, బస్సులు వచ్చిన వేళ, పోయిన వేళ రాసుకుని, మైకులో ఊర్ల పేర్లు అరిచే పని. ఎండలో వానలో నిలబడి చేసిన నాకు ఆ కుర్చీ మీద ఎంత ఆశ ఉండేదో ఇప్పుడు చెబితే మీరు నవ్వుతారు. ఆఫీసులో గుమాస్తా ఒకాయన నా మేలు కోరి ఒక సలహా ఇచ్చాడు. నువ్వు కూడా మరిచిపోయానని రాస్తే ఇద్దరూ పోతారు. టికెట్ మిషన్‌లో లెక్క చూసుకుంటూ గమనించలేదని రాయి, నిన్ను ఎవరూ ఏమీ అనరు. నేను అలాగే రాశాను. అందమైన చేతిరాతతో రాశాను, అది నాకు బాగా గుర్తుంది.

విచారణకు వచ్చిన అధికారి కోస్తా మనిషి, కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు. చెడ్డవాడు కాదు. మా డ్రైవరు రాసిచ్చిన కాగితంలో ఒకటే వాక్యం ఉంది. అలవాటు కొద్దీ పోయినాను. ఇరవై ఏడేళ్లు నడిపిన దారిలో మరిచిపోవడమేమిటని అధికారి అడిగాడు.

"ఇరవై ఏడేండ్లు నడిపినాను గాబట్టే మరిచిపోయినాను సార్. కొత్తోడైతే బోర్డు సదువుకోని పోతాడు" అన్నాడు మా డ్రైవరు.

అధికారికి నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు. తర్వాత నా కాగితం తీసి పైకి చదివాడు. గది చిన్నది. నేను బల్ల మీదున్న గాజు పేపర్‌వెయిట్ వంక చూస్తూ ఉన్నాను. చదవడం అయ్యాక, ఇది నిజమేనా అని అధికారి మా డ్రైవరును అడిగాడు. నన్ను అడగలేదు.

"నిజమే సార్. ఆయప్ప మిషన్ పట్టుకుంటే తల ఎత్తడు" అన్నాడు ఆయన. అని నవ్వాడు కూడా.

నాకు మందలింపుతో సరిపోయింది. ఆయనకు ఒక ఇంక్రిమెంటు ఆపారు, బ్యాడ్జి జాబితాలోంచి పేరు కొట్టేశారు. రూటు తప్పడం ప్రమాదం కాదు కదా, బ్యాడ్జికి దీనికీ ఏమిటి సంబంధం అని యూనియన్ వాళ్లు కొంచెం గొణిగారు. అదంతే. మిగిలిన నెలలు గడిచాక రిటైరయ్యాడు. సన్మానం రోజు ఆ కొత్త చొక్కానే వేసుకొచ్చాడు. జేబు పైన ఏమీ లేదు. మాట్లాడమంటే, ఇరవై ఏడేళ్లలో పట్నం తనను మూడుచోట్ల దించిందని, ఇంటికి పోవడానికి మాత్రం ఎప్పుడూ ఒకటే దారి అని చెప్పి కూర్చున్నాడు. నాకు కుర్చీ వచ్చింది. పుత్తూరు బస్టాండులోనే వేశారు.

కాబట్టి తర్వాత జరిగిందంతా నేను ఆ కుర్చీలోంచే చూశాను. మొదట్లో మాధవరంలో ఒక షేర్ ఆటోవాడితో మాట్లాడుకుని క్యారియర్లు పంపారు. వాడు రెండుసార్లు చుక్కలు తారుమారు చేసి, మూడోసారి ఒక గిన్నె పోగొట్టాడు. కొన్ని వారాలకు ఏడు నాలుగయ్యాయి, తర్వాత రెండు. మగవాళ్లు మార్కెట్ పక్కన బండి మీద ఇడ్లీ తినడం అలవాటు చేసుకున్నారు. చివరిదాకా తెచ్చింది పులుసు ఆవిడే. ఒక రోజు ఆమె కూడా రాలేదు. ఏ రోజు అని నేను రాసుకోలేదు. బస్సులు వచ్చిన వేళ, పోయిన వేళ మాత్రం రాశాను.

పోయిన ఏడు మా డ్రైవరు జ్ఞాపకార్థ కూడికకు వాళ్ల పల్లెకు వెళ్లాను. షామియానా కింద ప్రార్థన అయ్యాక భోజనాలు. నాకు ఎదురు వరసలో ఆ పులుసు ఆవిడ కూర్చుని ఉంది. పుత్తూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. నేను కొంచెం ఆశ్చర్యపోయి, నీకు ఆయన ఇంత బాగా తెలుసా అమ్మా అన్నాను.

"తెలీకేం అన్నా. బస్సు మార్చే ముందు దినం సాయంత్రం మా ఇంటికి వచ్చినాడు గదా. క్యారియర్లు ఇచ్చే ఏడిండ్లకూ తిరిగినాడు. రేపొక్కదినం మామూలుగానే పంపండి, కోయంబేడుకే పోతాది, ఎల్లుండి నుంచి మీ దారి మీరు సూసుకోండి అని చెప్పినాడు. మా ఆయనోళ్లకు గూడా ఫోన్ చేయించినాడు, గేటు కాడ్నే ఉండమని."

నా విస్తట్లో ఏదో వడ్డించారు. ఆమె అడిగింది:

"నువ్వూ ఉంటివి గదన్నా బస్సులో. నీకు చెప్పలేదా?"

"చెప్పలేదు" అన్నాను.

ఎందుకు చెప్పలేదో ఇంటికి వచ్చేదాకా ఆలోచించాను. అంత కష్టమైన లెక్క కాదు. నాకు చెప్పి ఉంటే నేను అబద్ధం రాయాల్సి వచ్చేది. ఆ బాధ లేకుండా చేద్దామనుకున్నాడు. చెప్పకపోయినా నేను అబద్ధమే రాశాను. ఆయన మరిచిపోలేదు. నేను గమనించకపోనూ లేదు. ఆ గదిలో పెట్టిన రెండు కాగితాల్లోనూ ఒక్క నిజం లేదు. ఒకటి ఏడుగురి అన్నం కోసం రాసింది, ఇంకొకటి ఒక కుర్చీ కోసం.

ఆ పులుసు ఆవిడ భర్త ఇప్పుడు పట్నంలో లేడు. మనవైపు సరిహద్దులో ఫ్యాక్టరీల కోసం వెలిసిన శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ. పట్నం నుంచి కూడా మనుషులు అక్కడికి పనికి వస్తున్నారు, పొద్దున కంపెనీ బస్సుల్లో మనవైపుకు, సాయంత్రం వాళ్లవైపుకు. మా డ్రైవరు చూసి ఉంటే దానికి కూడా ఒక సిద్ధాంతం కట్టేవాడు. ఆ ఫ్యాక్టరీలో భోజనం క్యాంటీన్లోనే తినాలి. బయటి అన్నం గేటు లోపలికి పోనివ్వకుండా చూడడం ఆమె భర్త పనుల్లో ఒకటి.

పట్నం బస్సు ఇప్పటికీ అయిదు ముప్పై అయిదుకే పుత్తూరు వస్తుంది. కండక్టరు చేతికి ఎవరూ క్యారియర్ ఇవ్వరు.